బైపాసు చూపించి వేయించుకున్న కామ్‌షాఫ్ట్

మొన్న నంద్యాల సిగ్నల్ దగ్గర ఒక కారు గుడగుడమని ఊగిపోతుంటే నాకు నవ్వాగలేదు. ఆ గుడగుడను పదేళ్ళ కిందట మా బావ కోరి తెచ్చుకున్నాడు.

బజారులో బట్టలంగడి నడిపే మనిషి, రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. అది చాలక రేసు కామ్‌షాఫ్ట్ వేయిస్తానన్నాడు. ఇంజన్లో వాల్వులు ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించే ఇరుసు అది. పెద్దది వేస్తే వేగంలో బాగా లాగుతుంది, నెమ్మదిగా పోతే గుడగుడమని ఊగి ఆగిపోతుంది. మా అక్క ఒకటే షరతు పెట్టింది: "ఆళ్ళగడ్డకు చిన్నమ్మ కాడికి దీంట్లో పిల్చుకపో. దోవలో ఒక్కసారి నిల్చినా అమ్మేయాల." బావ సరేనన్నాడు.

మెకానిక్ భాయ్‌కి ఒక పద్ధతి ఉండేది. ఏ కామ్ వేయాలో చెప్పేముందు పక్క సీట్లో కూర్చుని, "దినామూ యాడ తిరుగుతావో ఆడికి పోనీన్నా" అనేవాడు. బావ అంగడికి పోయే సందులూ స్పీడ్ బ్రేకర్లూ బర్రెలూ వదిలేసి, తెల్లవారుజామున ఖాళీ బైపాసు మీద తిప్పుకొచ్చాడు. రోజూ ఇదే దారా అని భాయ్ అడిగితే ఇదే అన్నాడు. వెనక సీటనే అరలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకున్న నేను, హరిశ్చంద్రుడి బావమరిదిలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

పెద్ద కామ్ పడింది. అక్క పట్టుచీర కట్టుకుని ఎక్కింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే కారు దగ్గి ఆగింది. ఊరు దాటేలోగా ఏడుసార్లు ఆగింది. ఏడోసారి కూరగాయల బండ్ల మధ్య అక్క దిగి, "నిదానంగా రాప్పా నువ్వు" అని బావతో చెప్పి ఆళ్ళగడ్డ బస్సెక్కేసింది.

మర్నాడు భాయ్ కోపంతో ఎగిరిపడ్డాడు. "దినామూ పోయే దోవ చూపియ్‌మంటే ఎప్పుడో పోయే దోవ చూపిస్తివేందన్నా!" బావ ఇంటికొచ్చి, కొనేవాళ్ళకు చూపించడానికి కారు కడగడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. నోరు మూసుకుని కూర్చున్నందుకు నాకు సిగ్గేసింది. అక్క గడపలో నిలబడి చాలాసేపు చూసి, "ఇంకొక్కసారి. అంతే" అంది.

ఈసారి బావ భాయ్‌ని అంగడి దారిలోనే తిప్పాడు. భాయ్ చిన్న కామ్ వేశాడు. అక్కనూ, వెనక అరలో నన్నూ ఎక్కించుకుని బయల్దేరితే బజారంతా దాటినా కారు ఆగలేదు. ఊరి బయట బావ ఒక్కసారి గట్టిగా తొక్కి, భయపడిందేమోనని ఆశగా పక్కకు చూశాడు. అక్క నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బావ చిన్నబుచ్చుకున్నాడు, కాసేపటికి ఆమె లేస్తుందేమోనని వేగం తగ్గించాడు. ఎద్దులబండి కూడా మమ్మల్ని దాటేసేలా ఉంది. ఆళ్ళగడ్డ చేరేసరికి ఎంతసేపయిందో మాలో ఎవరూ చూసుకోలేదు గానీ, అంత తొందరగా అయిపోయిన ప్రయాణం నాకు మళ్ళీ దొరకలేదు.