ఓటు వేస్తానన్న సిపాయి

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల దగ్గర ఏలే పార్టీ చీలిందన్న వార్త నాకు ముందుగా తెచ్చింది మా మరిది. వినగానే, జపాను యుద్ధం రోజుల్లో రేణిగుంట స్టేషన్లో మా బల్లమీద కూర్చున్న అమెరికా నల్ల సిపాయి గుర్తొచ్చాడు.

ఆనాడు మరిది ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడి నాకు చెప్పాడు: "వాళ్ల తాతది బానిసల్ని విడిపించిన పార్టీ అంట వదినా. ఈయన, పేదోళ్లకు పనిచ్చినారని అవతలి పార్టీకి, అదే ఇప్పుడు ఏలేదానికి, మారినాడంట. ఊర్లో ఈయన మారిన ఆ పార్టీవాళ్లే, నల్లోడని ఈయన్ని ఓటు వేయనీరంట."

"పార్టీ మారినోణ్ని ఎట్ల నమ్మేది నాయనా?" అంటూ నా మూట ఒళ్లోకి లాక్కున్నాను. మాట తెలియకపోయినా ఆయన నా చేతులు చూసి, లేచి దూరంగా నిలబడ్డాడు.

యుద్ధం అయ్యాక ఏం చేస్తావని మరిది అడిగితే, ఊరికి వెళ్లి ఓటు వేస్తానన్నాడట. కొడితేనో అంటే, మళ్లీ వెళతానన్నాడట.

వేయగలిగాడో లేదో ఆ స్వామికే తెలుసు. కోపగించుకోకుండా పక్కకు జరిగిన ఆ మనిషి పేరైనా నేను అడగలేదు. మీరు దీపం పెట్టేటప్పుడు ఆయన్ను ఒక్కసారి తలచుకోండి.