అత్తయ్య రుబ్బురోలు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నదాన్ని. పోయినవాళ్ల కళ్లు మూసి, ఒళ్లు తుడిచి, చేతులు కడుక్కుని అదే వార్డు పక్కన టిఫిన్ బాక్సు విప్పుకున్న రోజులున్నాయి. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం. ఇది భయపడి రాస్తున్నది కాదు. ఆ రోజు నాకు భయం వేయనే లేదు. ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

అరకులో మేం చాలా ఏళ్లు ఒకే అద్దె ఇంట్లో ఉన్నాం. నేను, మా ఆయన ప్రకాశం, మా అత్తయ్య. ఆయన టూరిస్టుల జీపు నడుపుతారు. పోయిన వేసవిలో అత్తయ్య ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

ఆమెది గుమ్మలక్ష్మీపురం. మామయ్య పోయాక చంటిబిడ్డను చంకన వేసుకుని, ఒక రుబ్బురోలుతో అరకు వచ్చేసింది. రోలు బస్సెక్కించనంటే కండక్టరుతో పోట్లాడిందట. సంత దగ్గర ఇడ్లీలు, గారెలు అమ్మి కొడుకును పెంచింది. ఆ పిండంతా ఆ రోట్లో రుబ్బిందే. నేను గ్రైండరు కొన్నాక కూడా, చేతులు పట్టు తప్పేదాకా ఆమె రోలు వదల్లేదు. నన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

మా ఇంటి ఓనరు సత్తిబాబు కింద మైదానం నుంచి వచ్చి బజార్లో కిరాణా కొట్టు పెట్టుకున్నవాడు. సరిగ్గా క్రిస్మస్ ముందు వచ్చి, ఇల్లు హోమ్‌స్టే చేస్తున్నాను, సీజను పోతోంది, బేగి ఖాళీ చేయమన్నాడు. పండగ అయ్యేదాకా ఆగమని అడిగాను. వినలేదు. మా ఆయన మాత్రం సరేనన్నారు. ఎవరేమన్నా ఆయనకు సరేనే.

ఆ కోపంలోనే సామాను సర్దాను. స్టీలు గిన్నెలు అత్తయ్య పాత చీరల్లో చుట్టాను. గాజు గ్లాసులు డ్రమ్ములో బియ్యం మధ్య గుచ్చాను. వాకిట్లో కట్టిన క్రిస్మస్ స్టారు విప్పి అట్టపెట్టెలో పెడుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. ఆ మనిషి గడపలో ఏడవకూడదనుకుని మింగేశాను.

మోయడానికి నలుగురు వచ్చారు. వాళ్లలో పెద్దవాడు బుద్రు, పక్క ఊరివాడు. సత్తిబాబు కట్టుబడి పనులకు వెళ్లేదీ వాళ్లే. బీరువా, మంచాలు ఎక్కించాక ఇద్దరు పెరట్లోంచి రోలు తెచ్చి వ్యాన్లో పెట్టారు. కబుర్లు చెప్పుకుంటూనే మోశారు. నేను చూశాను.

అప్పుడొచ్చాడు సత్తిబాబు. వ్యాన్లోకి తొంగి చూశాడు.

"ఏటి సిస్టరమ్మా, రోలు కూడా అట్టుకెళ్లిపోతన్నారేటి? అది ఇంటిది."

అది మా అత్తయ్య తెచ్చుకున్నదని చెప్పాను. ఇల్లు తన చేతికొచ్చినప్పటి నుంచీ అది పెరట్లోనే ఉందని, పెరట్లో ఉన్నదంతా ఇంటి కిందికే వస్తుందని వాదించాడు. టూరిస్టులకు పాతకాలం వస్తువులంటే మోజట. గేటు దగ్గర పెట్టి, నీళ్లు పోసి పూలు వేయిస్తాడట. ఒక మనిషి చేతులు కాయలు కాసిన రోట్లో అలంకారానికి పూలు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నేలచూపులు చూస్తూ, "పోన్లే సుశీలా, రాయే కదా" అన్నారు. సత్తిబాబు మీద కన్నా ఆ మాట మీద ఎక్కువ కోపమొచ్చింది.

ఓనరు దించమనేసరికి, ఎక్కించిన ఆ ఇద్దరే రోలు దించి వాకిట్లో పెట్టారు. సులువుగానే దించారు. దాన్ని గేటు దగ్గరికి తెమ్మన్నాడు. వంగి పట్టుకున్నారు. రోలు లేవలేదు.

మొదట వాళ్లే నవ్వుకున్నారు. చేతులు తుడుచుకుని మళ్లీ పట్టారు. మిగతా ఇద్దరూ వచ్చారు. నలుగురూ చుట్టూ చేరి ఊపినా కాస్తయినా ఒరగలేదు. గునపం తెచ్చి అడుగున దూర్చబోతే మొన పోలేదు. దిగబడిపోవడానికి అదేమీ బురద కాదు, సిమెంటు వాకిలి. సత్తిబాబు తిట్టుకుంటూ లుంగీ ఎగ్గట్టి తనూ చెయ్యి వేశాడు. అతని మెడ నరాలు పొంగడం నాకు కనిపించింది. బుద్రు చేతులు తీసేసి దూరంగా నిలబడ్డాడు.

"ఇది రాదు బాబూ. మావల్ల అవదు."

అందరూ కలిసి నాటకమాడుతున్నారనుకున్నాను. తప్పుకోమని అరిచాను. మా ఆయనతో, "మీ అమ్మది. వచ్చి పట్టండి" అన్నాను. ఆయన అటు వంగారు, నేను ఇటు వంగాను. లేచింది. తీసుకెళ్లి వ్యాన్లో పెట్టాం. సత్తిబాబు లుంగీ దించుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఇంకొకటి. ఆ పొద్దున మంచు వీడలేదు. బక్కెట్లో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రోలు మాత్రం వెచ్చగా ఉంది. రోజూ ఎంతోమంది ఒళ్లు పట్టుకుని జ్వరం చూసే చేతులు నావి. పొరబడను.

కొత్త ఇంటి దగ్గర బుద్రు, ఇంకొకతను కలిసి రోలు దించారు. ఏ ఇబ్బందీ లేదు. మరి అక్కడేమైందని బుద్రును అడిగాను. కింద నుంచి ఎవరో పట్టీసుకున్నట్టు అనిపించిందని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను దీనికి నాకు తోచిన కారణం చెప్పుకున్నాను. వాళ్ల చేతులు చలికి పట్టు తప్పి ఉంటాయి. మా ఆయన జీపు టైర్లు ఎత్తే మనిషి, ఆ ఒక్కసారైనా తల్లి కోసం రోషం వచ్చి బరువంతా తనే మోసి ఉంటారు. ఎందుకంటే నా వైపు బరువే తెలియలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని క్షమించేశాను కూడా.

జనవరిలో ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆ మాటే అన్నాను. ఆ రోజు మీకు కోపం రావడం బాగుందన్నాను. ఆయన తినడం ఆపారు.

"నాకేటీ కోపం రానేదు సుశీలా. నువ్వు అరిసావని వచ్చాను. సెయ్యి ఆనించానంతే. బరువంతా నీ వైపే ఉందనుకున్నాను."

ఆ రోలు ఎవరు మోశారో నాకు తెలియదు. అత్తయ్య అని నేను అనను. ఇంకో పేరు చెప్పమంటే నా దగ్గర లేదు. మా ఆయన మీద కోపం మాత్రం ఆ పూట మళ్లీ మొదలైంది.