వంతుకి ఒక్క పని

మొన్న ఆదివారం పప్పులోకి తాలింపు పెడదామని పోపుల డబ్బా మూత తీసిన మా తమ్ముడి బిడ్డ, ఆవాల గిన్నెలో వేళ్ళు పెట్టి, ఆవాలతోపాటు రేగుపండంత నీలం పాచికను ఒకదాన్ని పైకి తీసింది. మనం చూసిన పచ్చీసు పాచికలాంటిది కాదది. ఇరవై ముఖాలు, ముఖానికొక అంకె.

"పెద్దబాపూ, గిదేంది? ఆవాలల్ల ఎవలేసిండ్రు?"

వేసింది నేనే. ఖతర్ విడిచి వచ్చిన రోజు పెట్టె విప్పి, దాన్ని ఎక్కడ దాచాలో తోచక, ఈ ఇంట్లో నేను రోజూ తెరిచేది ఆ డబ్బా ఒక్కటే కాబట్టి అందులో వేశాను. ఆ పిల్ల దాన్ని చున్నీకి తుడుస్తూ, పనిలో పనిగా ఇంకో మాట అడిగింది. నర్సింగు చదువుతోంది, దాంతోపాటు కంప్యూటరు మీద బిల్లులు రాసే కోర్సు కూడా నేర్చుకుంటే ఆసుపత్రిలో తొందరగా తీసుకుంటారట, చేరమంటావా అని. చేరు బిడ్డా అని ఒక్క మాటంటే అయిపోయేది, ఏ ఇంట్లో పెద్దవాడైనా అదే అంటాడు. నేను ఆమె చేతిలోని పాచికనే చూస్తుండిపోయాను. తాలింపు మాడింది.

మీలో ఆ ఏళ్ళలో దోహా చూసినవాళ్ళుంటే మీకు గుర్తుండే ఉంటుంది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని ఊరంతా తవ్విపోశారు, నిన్న పోయిన దారి ఇవాళ ఉండేది కాదు, టాక్సీవాడే ఎటు పోవాలని మనల్ని అడిగేవాడు. మా అమ్మ దాన్ని కూడా దుబాయ్ అనే అనేది. ఆమె కన్ను మూసేదాకా ఆమె కొడుకులిద్దరూ దుబాయ్‌లోనే ఉన్నారు. నేను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో ఆరుగురు ఇంజనీర్లకు వంట చేసేవాణ్ణి. వీసా కాగితంలో మాత్రం నేను తోటమాలిని, ఆ ఇంటి మొత్తానికి ఉన్న మొక్క వంటింటి కిటికీలో నేను డబ్బాలో పెంచుకున్న కరివేపాకు ఒక్కటే. తమ్ముడు ఊరవతల క్యాంపులో ఉండేవాడు. వాడిది కొత్త స్టేడియం దగ్గర పరంజా పని, అంటే గోడకు పక్కన ఇనుప పైపులు నిలబెట్టి, బిగించి, మిగతా పనివాళ్ళు ఎక్కడానికి వీలుగా కట్టడం. అందరికన్నా ముందు పైకి ఎక్కేది వాడే, అందరికన్నా చివర దిగేదీ వాడే. ఆ ఎండలో ఆ పైపులు పట్టుకుంటే అరచేతులు ఎలా అవుతాయో, శుక్రవారం నా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటున్నప్పుడు చూసేవాణ్ణి.

శుక్రవారం వాడికి సెలవు. రెండు బస్సులు మారి వచ్చేవాడు. మటన్ కూర వండి, హాల్లో నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిస్తే ఎనిమిది మందిమి చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. తిన్నాక ఆ పట్టానే తుడిచి, దాని మీదే ఇంజనీర్లు వాళ్ళ ఆట మొదలుపెట్టేవాళ్ళు. పేకాట కాదు, క్యారమ్స్ కాదు. కాకినాడ నుంచి వచ్చిన ఒక సారు కథ చెబుతాడు, మేము అందరం ఆయన్ని కథసారు అనేవాళ్ళం. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, ఎదుట కొండ వచ్చినా రాక్షసి వచ్చినా నేనిది చేస్తానని చెప్పి పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే చెడుతుంది. ఒక శుక్రవారం ఒక సారు సెలవు మీద ఇండియా పోతే మనిషి తక్కువై, కథసారు వంటింట్లోకి వచ్చి, బాబాయ్ మీరు కూర్చోండి అన్నాడు. నాలుగో తరగతి చదివినవాణ్ణి, ఇంగ్లీషు కాగితాలు నాకేం తెలుస్తాయి అంటే, మీకు కాగితం అక్కర్లేదు లెండి అని నవ్వాడు. అది నిజమే. ఎవరి దగ్గర ఎన్ని బాణాలు మిగిలాయో, మూడు నెలల కింద కథలో సత్రంవాడు ఏ మాట అని తలుపు మూశాడో అంతా నా తలలో ఉండేది. వాళ్ళు రాసుకున్నది చాలక నన్నే అడిగేవాళ్ళు. నేను కూర్చుంటే తమ్ముడూ కూర్చున్నాడు.

ఆ ఆటలో ప్రతి మనిషికీ ఒక విద్య ఉండాలి. దాన్ని వాళ్ళు క్లాసు అనేవాళ్ళు. కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, గాయాలు మాన్పేవాడు, ఇలా. ఆడుతూ పోతే మెట్టు మెట్టుగా ఆ విద్యలో బలం పెరుగుతుంది. కావాలంటే ఒక మెట్టు ఒక విద్యలో, ఇంకో మెట్టు ఇంకో విద్యలో తీసుకుని రెండూ కలుపుకోవచ్చు. తమ్ముడు కత్తి తీసుకున్నాడు. నేనూ మొదట కత్తే తీసుకున్నాను గాని, రెండో మెట్టుకు వచ్చేసరికి అందరికీ దెబ్బలు తగులుతుంటే చూడలేక, నాకు మందు విద్య కూడా ఇవ్వండి అన్నాను. కొత్తవాళ్ళు అలా కలపకూడదు, రెండూ ఆలస్యంగా వస్తాయి అని కథసారు చెప్పి చూశాడు. ఇంటికి పెద్దకొడుకుని, ఒక్క పని వచ్చు అంటే నాకెప్పుడు కుదిరింది? అన్నం వడ్డించినట్టు సమానంగా పంచి, ఒక మెట్టు కత్తికి, ఒక మెట్టు మందుకు పెట్టుకుంటూ పోయాను.

మొదటి పెద్ద కొట్లాట నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. గుహలో తోడేళ్ళు మీద పడ్డాయి, తమ్ముడి మనిషి నెత్తురోడుతున్నాడు. నా వంతు రాగానే, తోడేలును కత్తితో కొట్టి తమ్ముడి గాయం మాన్పుతాను అన్నాను. ఏదో ఒకటే చెప్పాలి బాబాయ్ అన్నాడు కథసారు. రెండూ వచ్చినవాణ్ణి ఒకటే ఎందుకు చెయ్యాలని నేను వాదనకు దిగాను. ఒక పొయ్యి మీద అన్నం, ఒక పొయ్యి మీద పప్పు పెట్టి, మధ్యలో ఉల్లిపాయలు తరగడం లేదా రోజూ?

"అన్నా, గీడ పొయ్యిలు లెవ్వు. నువ్వొక్కనివే ఉన్నవ్" అన్నాడు తమ్ముడు, కడుపు పట్టుకుని నవ్వుతూ.

"విద్యలు రెండు వచ్చినా మనిషి ఒక్కడే కదండీ. వంతుకి ఒక్క పనే" అన్నాడు కథసారు.

"యల్లా బాబాయ్, చాయ్ చల్లారిపోతుంది, కొడ్తవా మందేస్తవా?" అని హైదరాబాద్ సారు తొందరపెట్టాడు.

మందే వేశాను. తమ్ముడు బతికాడు, తోడేలు నా చెయ్యి కరిచింది, అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పట్నుంచి నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఆటలో రెండు విద్యలు కలుపుకుని నేను అందరికీ పనికొస్తుంటే, బయట తమ్ముడు మాత్రం ఆ పైపులకే ఎందుకు వేలాడాలి అనిపించింది. డ్రైవింగు నేర్చుకో, బస్సు లైసెన్సు తీసుకుంటే ఏసీలో కూర్చుంటావు, ఎండ తప్పుతుంది అని వారం వారం వాడి చెవిలో పోరాను. వాడికి ఇష్టం లేదు. నాకు ఆ కత్తి ఒక్కటి సాలన్నా, నీ లెక్క సగం సగం నాతోని కాదు అనేవాడు, ఆట గురించి అంటున్నాడో బతుకు గురించి అంటున్నాడో తెలియకుండా. చివరికి నా మాట తీసెయ్యలేక నేర్చుకున్నాడు. రెండుసార్లు తప్పి మూడోసారి లైసెన్సు వచ్చిన రోజు నేను సేమ్యా పాయసం వండాను.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. లైసెన్సు జేబులో పెట్టుకుని వాడు మళ్ళీ పైపులే ఎక్కుతున్నాడని, ఒక శుక్రవారం నేనే పెద్ద డబ్బా నిండా బిర్యానీ వండుకుని క్యాంపుకు పోయాను. ఫోర్మన్‌కు దాన్ని చేతికిచ్చి, మా తమ్మునికి పైపుల పనీ వచ్చు, ఇప్పుడు బండీ వచ్చు అని, ఆటలో నా మనిషి గురించి గొప్పగా చెప్పుకున్నట్టే చెప్పుకున్నాను. ఒకటి తీసేసి ఒకటి ఇవ్వమని నా ఉద్దేశం. ఆయన మూత తీసి వాసన చూసి, "దో కామ్‌వాలా ఆద్మీ? బహుత్ అచ్ఛా" అన్నాడు, రెండు పనుల మనిషా, చాలా మంచిది అని. నేను సంతోషంగా బస్సెక్కాను.

తరువాతి వారం నుంచి తమ్ముడికి రెండు డ్యూటీలు. అందరికన్నా ముందు లేచి బస్సు తీసి మనుషుల్ని సైటుకు చేర్చాలి, పగలంతా పైపులు ఎక్కాలి, దిగాక మళ్ళీ వాళ్ళందరినీ క్యాంపుకు తేవాలి. మిగతావాళ్ళు బస్సులో కునుకు తీసే ఆ కాస్త సేపు కూడా వాడికి లేకుండా పోయింది. ఇంతకుముందు శుక్రవారం వాడు వస్తే ముందు నవ్వు లోపలికి వచ్చేది, తరువాత మనిషి వచ్చేవాడు. ఇప్పుడు చెప్పులు విప్పుతూ గోడకు ఆనుకునేవాడు. ఒకరోజు ఆట మధ్యలో వాడి వంతు వచ్చింది, తన నీలం పాచిక చేతిలో పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఎవరికీ లేపబుద్ధి కాలేదు. కథసారు గొంతు తగ్గించి, సరే, కథలో కూడా ఆయన బావి పక్కన చెట్టు నీడలో పడుకున్నాడని పెట్టుకుందాం అన్నాడు. మేము గుసగుసలాడుకుంటూ ఆట సాగించాం. చాయ్ కప్పుల చప్పుడుకు వాడు లేచి, సంగతి తెలుసుకుని, కళ్ళు నులుముకుంటూ నవ్వాడు.

"అన్నా, వంతుకొక్కటే పనన్న ముచ్చట మా ఫోర్మన్‌కు గూడ జెర సెప్పరాదే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు హాస్యమాడాడనుకున్నాను గాని, అన్నను ఒక సాయం అడిగాడని, అడగడం వాడికి అంతకన్నా చేతకాదని నాకు తట్టలేదు. బిర్యానీ డబ్బా పట్టుకుని పోయినవాణ్ణి, మళ్ళీ పోయి వాడికి రెండు పనుల్లో ఒకటే ఉంచండి సార్ అని కాళ్ళు పట్టుకోవలసింది. పోలేదు. ప్రపంచ కప్పు పనులు అయిపోతే అన్నీ అవే సర్దుకుంటాయిలే అనుకున్నాను.

ఆ తరువాతి మంగళవారం మధ్యాహ్నం, వాడు పైన పైపులు బిగిస్తుండగా, షహానియా వైపు స్టోరు నుంచి సామాను తేవాలని కిందకు పిలిచి బస్సు తాళం చేతిలో పెట్టారట. బస్సులో వాడొక్కడే. ఎదురుగా బండి లేదు, ఒంటె అడ్డం రాలేదు, దారి తిన్నగా ఉంది. బస్సు మెల్లగా పక్కకు ఒరిగి, ఇసుకలోకి పోయి, సిమెంటు దిమ్మెను గుద్దుకుంది. బ్రేకు వేసిన గుర్తు లేదన్నారు పోలీసులు. నేను ఆసుపత్రికి పోయేసరికి వాడి ముఖం, పట్టా దగ్గర నిద్రపోయిన నాటి ముఖంలాగే ఉంది. చేతి గ్లౌజులు ఇంకా నడుముకు దోపుకునే ఉన్నాయి.

వాడి శవమున్న పెట్టెతో ఊరికి నేనే వచ్చాను. మరదలికి ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. అన్నీ గుర్తుండే నాకు ఆ ఒక్కటే గుర్తు లేదు. కర్మలు అయ్యాక మళ్ళీ పోవలసి వచ్చింది. శుక్రవారం నాడు కూర వండాను, పట్టా పరిచాను, తిన్నాక దాన్ని తుడిచాను. కథసారు చాలాసేపు పాచికలను అటూ ఇటూ జరిపి, బాబాయ్, కథలో తమ్ముడుగారు బావి దగ్గర నిద్రపోతూనే ఉన్నారు, మీరెలా అంటే అలా చేద్దాం, వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారని అందామా అన్నాడు. వద్దన్నాను. పడుకోనియ్యండి, ఎవరూ లేపకండి అన్నాను. వంతు తిరిగి నా దగ్గరికి వచ్చింది. కత్తి తెలిసినవారు, మందు తెలిసినవారు, ఏం చేస్తారు బాబాయ్ అని అడిగారు. వాడి పక్కన కూర్చుంటాను అన్నాను. పాచిక వెయ్యక్కర్లేదు దానికి. తరువాతి వంతూ అదే చెప్పాను, ఆ తరువాతి వారమూ అదే. ఆ ఆరుగురూ చదువుకున్న పిల్లలు, ఒక్కరు కూడా ఆట ముందుకు సాగడం లేదని విసుక్కోలేదు. విల్లా ఖాళీ చేసి ఎవరి దారిన వాళ్ళు పోయేదాకా, కథలో ఆ బావి దాటి మేమెవరమూ ఎక్కడికీ పోలేదు. ఆఖరి రోజు కథసారు తమ్ముడి నీలం పాచిక నా చేతిలో పెట్టి గుప్పిట మూశాడు.

కప్పు ఆటలు మొదలయ్యాక టీవీలో ఆ స్టేడియం చూశాను. దీపాలు, జనం, కేకలు. తమ్ముడు బిగించిన పైపు ఒక్కటన్నా కనబడుతుందేమోనని వెతికాను. పిచ్చిగాని, ఎలా కనబడుతుంది? తాపీవాడి గోడ నిలుస్తుంది, రంగు వేసినవాడి రంగు నిలుస్తుంది, పరంజా కట్టినవాడి పని మాత్రం అంతా పూర్తయ్యాక విప్పేస్తారు.

నిన్న పొద్దున ఆ పిల్ల మళ్ళీ అడిగితే, నేర్చుకో బిడ్డా, రెండూ నేర్చుకో, కాని రెండూ వచ్చని ఎవరికీ చెప్పకు అన్నాను.

"సెప్పకపోతే నేర్సుకునుడెందుకు పెద్దబాపూ?" అని నవ్వింది. అచ్చం తండ్రి నవ్వే.

మన కాలంలో నీకేం వచ్చు అని అడిగేవాళ్ళు. వంట వచ్చు, తాపీ వచ్చు, నేత వచ్చు అంటే సరిపోయేది, ఆ ఒక్క మాట మీద ఒక మనిషి బతుకు గడిచిపోయేది. ఇప్పుడు ఎక్కడికి పోయినా ఇంకేం వచ్చు అని అడుగుతున్నారు, వచ్చని చెప్పినవన్నీ ఒకే రోజులో చేయమంటున్నారు. మనిషి ఒక్కడే, వంతుకి ఒక్క పనే అన్న మాట నాకు చెప్పింది, కూర మరకలు పోని ఆ ప్లాస్టిక్ పట్టా మీది ఆట ఒక్కటే. నేను దాన్ని ఆట మాటే అనుకున్నాను. పాచికను తుడిచి మళ్ళీ ఆవాలలోనే పెట్టాను. ఏ వేళ తాలింపు పెట్టినా ముందు దాన్ని ఒకసారి పక్కకు జరిపి, చిటికెడు ఆవాలు తీసుకుని, పొయ్యి మీద రెండోది ఏదీ పెట్టకుండా, అవి చిటపటలాడేదాకా ఊరికే నిలబడుతున్నాను.