శనివారాల్లో వచ్చే అత్త

రెండు వేల ఇరవై రెండులో నేను తడ దగ్గర ఒక చిన్న షుగర్ క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సులు మా వాకిట్లోనే ఆగేవి. షిఫ్టు దిగినవాళ్ళు నేరుగా మా దగ్గరికి వచ్చేవాళ్ళు. వేలు గుచ్చి షుగర్ చూడడం, ఇన్సులిన్ సూది ఎట్లా వేసుకోవాలో నేర్పడం, చెప్పిన మాట విననివాళ్ళను తిట్టడం నా పని. మూడోది డాక్టరుగారు అప్పగించింది కాదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది తెలిసీ నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

మునెమ్మను మాత్రం నేను ఎప్పుడూ తిట్టలేదు. పేరు మార్చాను కానీ మనిషి నిజం. నలభై దాటింది. పొద్దున, రాత్రి తిండికి ముందు మిక్స్‌డ్ ఇన్సులిన్ వేసుకునేది. అంటే త్వరగా పనిచేసే మందూ, గంటల తరబడి నిదానంగా పనిచేసే మందూ ఒకే సీసాలో కలిసి ఉంటాయన్నమాట. సూది మానొద్దని అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పాం. ఒక్కపూట కూడా మానలేదు.

ఆ యేడు పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది) చివరి శనివారం సాయంత్రం ఆమె భర్త చెంగయ్య ఒక్కడే వచ్చాడు. ఫ్యాక్టరీ చొక్కా మీదే ఉన్నాడు. చేతిసంచిలో నిమ్మకాయలూ విభూతి పొట్లమూ ఉన్నాయి.

"మునెమ్మ రాలేదేం అన్నా?"

"రాలేదు మేడం. దానికి వచ్చిండేది సూదికి పోయే జబ్బు కాదులే. ఇన్సులిన్ సీసా ఇచ్చేయి, పోతాను."

"మరి ఏం జబ్బు?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా యమ్మ వస్తా ఉండాది."

వాళ్ళమ్మ పోయి రెండేళ్ళు. ఆమెకూ షుగరే, మాత్రలు మింగేది. ఇట్లాగే పెరటాసి నెలలో నిద్రలోనే పోయిందని మునెమ్మ నాకు చెప్పి ఉంది.

చెంగయ్య చెప్పింది ఇది. ఈ నెలంతా శనివారం శనివారం దీపాలు పెట్టే వేళకు మునెమ్మ మారిపోతోంది. మొగుణ్ణి గుర్తుపట్టదు. నాలుక మందమై, అత్త ముసలిగొంతు వస్తుంది. చెంగయ్యను వాళ్ళమ్మ తప్ప ఎవరూ పిలవని 'చిన్నోడా' అన్న పిలుపుతో పిలుస్తుంది. ఆకలి, ఆకలి అంటుంది. తళిగలో పెట్టిన చలిమిడి చేతికిస్తే ఆబగా తిని, కాసేపు పడుకుని, మళ్ళీ మునెమ్మగా లేస్తుంది. జరిగిందేమీ ఆమెకు తెలియదు.

పెరటాసి శనివారాల్లో మా వైపు వేంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అరిటాకులో అన్నం, కూరలు, వడలు పరిచి, బియ్యప్పిండీ బెల్లమూ కలిపిన చలిమిడిలో గుంట చేసి నెయ్యిదీపం వెలిగిస్తారు. అది అయ్యేదాకా ఇంటి ఇల్లాలు ఏమీ తినదు. పైగా పొద్దున్నే నామాలు పెట్టిన చెంబు పట్టుకుని, గోవిందా అంటూ ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడిగి తేవాలి. వాళ్ళింట్లో ఇన్నాళ్ళూ అది అత్త చేసిన పని. సంవత్సరీకం అయ్యాక ఆ యేడే మునెమ్మ ఎత్తుకుంది.

"చలిమిడి తిన్నాక ఎంతసేపటికి దిగుతుంది?"

"ఒక పావుగంట."

సీసా అందిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. దయ్యం దిగడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. పడిపోయిన షుగర్ తీపి తిన్నాక పైకి రావడానికి పట్టేది మాత్రం పావుగంటే.

"శనివారం పొద్దున కూడా సూది వేసుకుంటుందా?"

"యాల మానుతాది? మానొద్దని మీరే గదా చెప్పినారు."

తిండి లేని కడుపుతో ఇన్సులిన్ వేసుకుని ఎండలో ఊరంతా తిరిగితే షుగర్ సాయంత్రానికి అడుగంటుతుంది. దాన్నే మేము లో షుగర్ అంటాం. మెదడుకు తిండి అందదు. మనిషి మనిషిగా ఉండదు. ఇంకా పడిపోతే ప్రాణమే పోతుంది.

"అన్నా, ఇప్పుడే ఇంటికి ఫోన్ చెయ్యి. చక్కెరనీళ్ళు తాగించమను."

"వద్దు మేడం. ఊర్లో దయ్యాలు దించే పెద్దాయన వచ్చి మా ఇంట్లో కూసోనుండాడు. మేము తిండి పెట్టేదానికి మరిగి వస్తా ఉండాదంట. ఈ పొద్దు మెతుకు కూడా పెట్టకుండా కట్టేస్తే, దానంతట అదే పోతాదన్నాడు."

ఎవరు పోతారో ఆ పెద్దాయనకు తెలియదు. డాక్టరుగారికి ఫోన్ చేశాను. అంబులెన్సుకు తాను చెబుతానని, నన్ను ముందు బయలుదేరమని అన్నారు. గ్లూకోజ్ పొడీ, షుగర్ చూసే మీటరూ సంచిలో వేసుకుని, వద్దంటున్నా వినకుండా చెంగయ్య బండెక్కాను. దారి పొడుగునా వాళ్ళింటికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు.

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరితే కిటికీలు అదిరే ఊరు వాళ్ళది. మేము వెళ్ళేసరికి చీకటి పడుతోంది. ఊరంతా లైట్లు వెలిగాయి, ఆ ఒక్క ఇంట్లో తప్ప. లోపల చలిమిడిలో పెట్టిన దీపం ఒక్కటే వెలుగుతోంది. మునెమ్మను తుండుగుడ్డతో మంచంకోడుకు కట్టేశారు. జాకెట్టు చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"చిన్నోడా, వస్తివా. ఆకలిరా."

ఆ గొంతు మునెమ్మది కాదు. లో షుగర్‌లో ఏడ్చినవాళ్ళను చూశాను, కొట్టినవాళ్ళను చూశాను. ఇట్లాంటిది చూడలేదు. అబద్ధమెందుకు, భయమేసింది.

నేను గ్లూకోజ్ కలుపుతుంటే మూలనుంచి పెద్దాయన అన్నాడు, "ఆయమ్మకు ఏమీ పెట్టాకు, వద్దమ్మా. పెట్టినోళ్ళను ఇడిసిపెట్టదు."

"మీరు పెట్టాకండి సామీ, నేను పెడతాను. నా వెంట వస్తే రానీండి. ఇంట్లో ఒకర్తినే ఉండాను, తోడుంటాది."

వేలు గుచ్చాను. ఐస్ ముక్కలా ఉంది ఆ వేలు. మీటరు ముప్పై నాలుగు చూపించింది, డెబ్భైకి తగ్గకూడదు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకని ముందు చెంచాడు నీళ్ళు పోసి చూశాను. మింగింది. గ్లూకోజ్ గ్లాసు పెదవులకు ఆనించగానే కట్టు సందులోంచి చెయ్యి లాగి నా మణికట్టు పట్టుకుంది.

"నాకు పెట్టలేదే," అంది అదే గొంతుతో. "దీనికైనా పెట్టు."

వెనకనుంచి చెంగయ్య "అమ్మా" అన్నాడు. ఆమె గ్లాసు ఖాళీ చేసింది. ఆ దీపం వెలుతురులో మేమంతా ఆమె మొహం చూస్తూ కూర్చున్నాం. మరో గ్లాసు పట్టాక చెమట ఆరింది, కళ్ళలోకి చూపు వచ్చింది. మునెమ్మ తన కట్లు చూసుకుని, నన్ను చూసి, "ఏం మేడం, మీరెప్పుడు వచ్చినారు? తళిగ అయిపోయిందా?" అంది. పెద్దాయన ఎప్పుడు లేచి వెళ్ళాడో ఎవరూ చూడలేదు.

అంబులెన్సులో ఆమెను ఆసుపత్రికి చేర్చాక, చెంగయ్య వరండాలో నా పక్కన కూర్చున్నాడు.

"మా యమ్మ కూడా ఇట్లనే మేడం. తళిగ శనివారం, మాపటేళ. ఎవురినీ గుర్తుపట్టలేదు. వాళ్ళత్త వచ్చిందన్నారు. ఆకలి ఆకలి అనింది. ఈ పెద్దాయనే, పెట్టాకండి అన్నాడు. నేను పెట్టలేదు. తెల్లారేతలికి పోయింది. నిద్రలో పోయిందని చెప్పుకుంటిమి."

ఆమె మింగిన మాత్రలు కూడా, తిండి లేకుండా వేసుకుంటే షుగర్‌ను దించేసే రకమే.

"మా యమ్మకూ ఇదేనా మేడం?"

"నేను చూడని మనిషి గురించి చెప్పలేను అన్నా," అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు.

'నాకు పెట్టలేదే' లాంటి మాటలు అత్త పోయినప్పుడు మునెమ్మ విన్నవే అయ్యుంటాయి, మెదడు మసకబారినప్పుడు బయటికొచ్చాయి అన్నారు డాక్టరుగారు. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ అత్త పోయిన ఆ శనివారం మునెమ్మ పుట్టింట్లో ఉందట. పెట్టలేదన్న సంగతి తాను ఎవరికీ చెప్పలేదంటాడు చెంగయ్య.

ఈ కేసు తర్వాత, పెరటాసి వస్తోందంటే నేను అడిగే మొదటి ప్రశ్న షుగర్ ఎంత అని కాదు, శనివారం ఏం చేస్తారని. ఒక్కపొద్దు ఉంటామంటే, ముందుగానే డాక్టరుగారితో మాట్లాడి మందు సంగతి తేల్చుకోమంటాను. కొంగున బెల్లం ముక్క కట్టుకోమంటాను. దయ్యాలు లేవని ఎవరితోనూ వాదించను. చెంగయ్యకు చెప్పిందే అందరికీ చెబుతాను: వచ్చింది ఎవరైనా సరే, ఆకలి అంటే ముందు పెట్టు, పేరు తర్వాత అడుగుదువు.

మరుసటి యేడు తళిగకు నన్ను పిలిచారు. మునెమ్మ వేళకు సూది వేసుకుని, టిఫిన్ తినే పూజ చేసింది. బియ్యం అడగడానికి ఈసారి చెంగయ్యే చెంబు పట్టుకుని తిరిగాడట. "ఈ యేడు అత్త రాలేదు మేడం," అంది మునెమ్మ, కొంచెం బెంగగానే.

దీపం కొండెక్కాక చెంగయ్య చలిమిడి పెద్ద ముద్ద తీసి, ఎవరికీ పంచకుండా, గోడమీది వాళ్ళమ్మ ఫోటో కింద పెట్టాడు. "తినుమ్మా," అని అక్కడే కూర్చున్నాడు. పావుగంట దాకా ఎవరినీ ఆకుల ముందు కూర్చోనివ్వలేదు.