గేదెకు దక్కిన ఉలవలు

మొన్న పవర్ హౌస్ బజారులో దుకాణదారు షుగరుకు మంచివంటూ పదకొండు రకాల గింజలు నా ముందు పేర్చి, ఏవి కావాలో తేల్చుకోమన్నాడు. మన ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, ఈ వయసులో మనకు మిగిలిన స్వేచ్ఛ అంతే. నా చూపు ఉలవల దగ్గర ఆగిపోయింది.

తొంభైల మొదట్లో, మా ఊరు వదిలి వచ్చిన ఈ హిందీ ఊళ్లోనే, రిసాలిలో రెండు గదుల కంపెనీ క్వార్టర్లో అమ్మా నాన్నా నేనూ ఉండేవాళ్లం. నాన్న ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. నేను బీయస్సీ పాసై, ఉద్యోగం వచ్చేదాకా అనే పేరు మీద ఇంట్లోనే ఉండేవాణ్ణి. కిటికీ తీస్తే ఎదురుగా అచ్చం మాదిలాంటిదే ఇంకో క్వార్టరు, దాని కిటికీలో నాలాంటివాడే ఇంకొకడు. ఆ ఏడు వైద్య పరీక్షలో నాన్నకు షుగరు బయటపడింది. మూడు నెలల్లో తగ్గకపోతే క్రేన్ దిగాల్సిందే అన్నారు. ఇరవై ఏళ్లుగా కరిగిన ఉక్కును పైనుంచి చూడ్డానికి అలవాటుపడ్డ మనిషికి నేలమీది ఉద్యోగమంటే నలుగురిలో తల దించుకోవడమే.

అన్నం తగ్గించి గింజలు పెంచమన్నాడు డాక్టరు. అమ్మ ఎంపిక మొదలెట్టింది. రాజ్మా మన వంట కాదంది. శనగలు గ్యాసు చేస్తాయంది. షిఫ్టు అయ్యేదాకా దిగే వీల్లేని క్యాబిన్ కనక ఆ అభ్యంతరాన్ని నాన్న కూడా గౌరవించాడు. చివరికి ఉలవలు నెగ్గాయి.

అమ్మకు ఉలవలంటే చారే. సగం రోజు ఉడికించి, ఆ నీళ్లు వంచి చింతపండు పులుసుతో మరిగించేది. ఉడికిన గింజలు మా ఊళ్లో ఎడ్లకు పెట్టేవారు. ఇక్కడ ఎడ్లు లేవు కనక పాలవాడి గేదెకు వెళ్లేవి. పక్కింటి దీదీ అది చూసి, “పప్పేమో గేదెకి, నీళ్లేమో భయ్యాకా?” అని హిందీలో నవ్వింది. “మా వేపు అలాగే సేస్తారు దీదీ,” అంది అమ్మ.

పీచూ బలమూ గేదెకు పోతున్నాయని బీయస్సీవాడికి మొదటి వారమే తెలిసింది. కానీ నోరు విప్పితే చారు ఆగిపోయి, కంచంలో గుగ్గిళ్లు మిగులుతాయి. ఆ క్వార్టర్లో రోజంతా నేను ఎదురుచూడదగ్గది చారు ఒక్కటే. అందుకని ఊరుకున్నాను. నాన్న మాత్రం, “ఇంకో గరిటె అన్నం ఎయ్యే, మందే కదేటి,” అంటూ చారులో కలుపుకునేవాడు.

మూడు నెలలకు గేదె నిగనిగలాడింది. నాన్నకు షుగరు పెరిగింది. క్రేన్ దింపి, స్టోర్లో చేతి తొడుగులు అందించే పని ఇచ్చారు. ఈ ఊరి ఉలవల్లో సత్తువ నేదని అమ్మ తీర్పు చెప్పింది. నేను అప్పుడూ ఊరుకున్నాను. కొత్త పని ఎలా ఉందని అడిగితే నాన్న చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, “బాగానే ఉందిరా, మెట్లు నేవు,” అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో క్రేన్ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు మరోదా చెరువు వైపు పొద్దున్నే నడిచేవాళ్లు తమ షుగరు అంకెలను పిల్లల మార్కుల్లా చెప్పుకుంటున్నారు. ఏ గింజ నానబెట్టాలో, ఏది మొలకెత్తించాలో తెలియని ఇల్లు లేదు. అప్పట్లో తెలిసినవాళ్లు తక్కువ. మా ఇంట్లో మాత్రం ఒకడుండేవాడు, కాకపోతే వాడి నోటి నిండా అన్నం ఉండేది.