బల్ల మీద పడుకుని పాఠం చెప్పిన సుభద్ర గారు

ముక్కామల సుభద్ర గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాసి చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాను. కెనడాలో గ్వెల్ఫ్‌లోనూ విండ్సర్‌లోనూ ఎన్నో ఏళ్లు నర్సింగ్ బోధించిన ఆ విదుషీమణి, హ్యూరన్ సరస్సు మధ్య ఒక చిన్న ద్వీపంలో, డిసెంబరు పొగమంచులో, తన విద్యార్థుల చేతుల్లోనే కన్నుమూశారు. ఆ మధ్యాహ్నం నేను గ్వెల్ఫ్‌లోని మా కాలేజీ గదిలో కూర్చుని, ఆ ద్వీపం పిల్లలకు వీడియోలో శరీరశాస్త్రం చెప్పడానికి కంప్యూటర్ తెరిచాను. ఎప్పుడూ ముందు కనిపించేది ఆవిడ మొహమే. కెమెరాకి మరీ దగ్గరగా వచ్చి, "వినిపిస్తున్నానా అమ్మాయ్?" అని కేకేసేవారు. ఆ రోజు ఒక బల్ల కనిపించింది. దాని మీద దుప్పటి కప్పిన మనిషి, చుట్టూ తలలు వంచుకుని నిలబడ్డ విద్యార్థులు. పాఠం మధ్యలో ఉన్నారేమో, కాసేపాగుదాం అనుకున్నాను. ఎందుకంటే ఆవిడ పాఠం చెప్పే పద్ధతే అది. టెస్సా అనే విద్యార్థిని కెమెరా ముందుకొచ్చి, "ఇవాళ క్లాసు వద్దు" అంది.  

ఆ ద్వీపం గురించి తెలియనివారికి నాలుగు మాటలు చెప్పాలి. చేపలు పట్టేవాళ్లు, పడవలు బాగుచేసేవాళ్లు, వాళ్ల ముసలివాళ్లు, ఒక బడి, రెండు గదుల క్లినిక్. ఇంతే అక్కడి సంసారం. వేసవిలో ఫెర్రీ పడవ తిరిగినన్నాళ్లు ఒక నర్సు వచ్చిపోతూ ఉంటుంది. నీళ్లు గడ్డకట్టడం మొదలయ్యాక ఫెర్రీ ఆగిపోతుంది. మంచు మనిషి బరువు మోసేంతగా ఇంకా గట్టిపడదు. ఇక మిగిలేది చిన్న విమానం ఒక్కటే, పొగమంచు కమ్మితే అదీ లేదు. చదువుకుందామని ఒడ్డు దాటి వెళ్లిన పిల్లలు ఉద్యోగాలు దొరికిన చోటే ఉండిపోతారు. జబ్బు చేసిన పెద్దవాళ్లు ఇల్లు తాళం వేసి, ఏదో ఊళ్లో వృద్ధాశ్రమానికి వెళ్లి అక్కడే పోతారు. నర్సు లేని కారణంగా ఒక ఊరు మెల్లగా ఖాళీ అవుతోంది.

ఇది మాకందరికీ నివేదికల ద్వారా తెలిసిన సంగతి. సుభద్ర గారికి మాత్రం ఒంటికి తెలిసిన సంగతి. ఆవిడ పుట్టింది గోదావరి లంకల్లో. "నేను లంక పిల్లనే అమ్మాయ్. రేవులో పడవ లేని రోజున జబ్బు చెయ్యకూడదని మా ఊళ్లో అందరికీ తెలుసు, ఆ జబ్బుకి తప్ప" అని నవ్వేవారు. ఒకసారి అలా నవ్వి, ఆ వెంటనే, "మా పెద్దక్క అలాగే పోయింది, పురిట్లో" అన్నారు. తర్వాత చేతిలో కాగితాలు సర్దుకుని మీటింగుకి వెళ్లిపోయారు. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ మీటింగుల గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. గ్వెల్ఫ్‌లోని మా కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు. విండ్సర్‌లోని కాలేజీలో శిక్షణకు కావలసిన పరికరాలున్నాయి. ఉత్తరాన ఒక చిన్న కాలేజీకి ఆ ప్రాంతపు ఆసుపత్రులతో ఒప్పందాలున్నాయి. మూడూ కలిస్తే ఆ ద్వీపంలోనే ఒక నర్సింగ్ కోర్సు నడుస్తుంది. కలవడమే బ్రహ్మప్రళయం. ఒక కాలేజీలో పాసైన సబ్జెక్టు ఇంకో కాలేజీలో చెల్లదనేవారు. ఎవరి విద్యార్థి, ఎవరి బాధ్యత, ఎవరి పేరు ముందు అని ఏళ్ల తరబడి జూమ్‌లో తగువులాడుకున్నారు. ఒకరోజు సుభద్ర గారు ఓపిక నశించి, "పిల్ల ఒకత్తే కదండీ! మూడిళ్లలో భోజనం చేసినంత మాత్రాన మూడు పేర్లు పెడతారా?" అన్నారు. అంత చక్కటి తెలుగు ఆలోచనను ఆవిడ ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి అధికారులంతా కాసేపు నోళ్లు తెరుచుకుని చూశారు. మరి ఆ మాటే పనిచేసిందో, ఆవిడ పోరు పడలేకో, చివరికి ఒప్పుకున్నారు. ఆరుగురు విద్యార్థులతో ఆ ద్వీపంలో తొలి తరగతి మొదలైంది.

ఆ ఆరుగురిలో పెద్దది టెస్సా. తండ్రితో కలిసి చేపల పడవ మీద పనిచేస్తూ, సాయంత్రాలు చదువుకునేది. మిగతావాళ్లలో ఇద్దరికి చంటిపిల్లలు. ఇద్దరి ఇళ్లలో మంచాన పడ్డ పెద్దవాళ్లు. ఒకమ్మాయికి తాతల నాటి పడవల షెడ్డు. వీళ్లెవరూ ఊరు వదిలి తేలిగ్గా రాలేరు. అందుకే చదువే పడవెక్కి వాళ్ల దగ్గరికి వెళ్లింది.

ఇక ఆవిడ పద్ధతి. నర్సింగ్ శిక్షణకు మనిషి ఆకారంలో ఒక బొమ్మ ఉంటుంది. దానికి నాడి కొట్టుకుంటుంది, అది ఊపిరి తీస్తుంది, మూలుగుతుంది. విండ్సర్ నుంచి ఆ బొమ్మను పంపుదామంటే చిన్న విమానంలో పట్టలేదు, ఫెర్రీలో తడిస్తే పాడవుతుందన్నారు. "అయితే నేనే పడుకుంటా" అన్నారు సుభద్ర గారు. వేళాకోళమనుకున్నాం. నిజంగానే బడి గదిలో బల్ల మీద పడుకుని, ఒక్కోరోజు ఒక్కో రోగంతో మూలిగేవారు. అదీ తెలుగులో! "అమ్మో, నడుం పడిపోయిందర్రా", "ఒరే నాయనా, ఊపిరాడట్లేదురా" అని. పిల్లలకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అదేమిటండీ అని అడిగితే, "స్పృహ సరిగా లేని ముసలాయన ఏ భాషలో చెబుతాడమ్మాయ్? మొహం చూసి, చెయ్యి పట్టుకుని తెలుసుకోవాలి" అన్నారు.

పాఠం మధ్యలో రోగం మార్చేసేవారు కూడా. కాలు విరిగిందని మొదలుపెట్టి కడుపు పట్టుకునేవారు. మనం చదివి వచ్చిన జబ్బుతోనే పేషెంటు వస్తాడనే భరోసా ఏముందని ఆవిడ వాదన. అన్నీ అయ్యాక లేచి కూర్చుని, "టీ పెట్టండి" అనేవారు. అభ్యాసం ముగిసిందని అదే గుర్తు. ఆ మాట వినేదాకా ఎవరూ చేస్తున్న పని ఆపకూడదు. టీ తాగుతూ తప్పులు చెప్పేవారు. "నువ్వు గడియారం చూశావు, నా మొహం చూడలేదు." "నీ చెయ్యి చల్లగా ఉంది, ముందు వెచ్చబెట్టుకుని ముట్టుకో." ఒకసారి టెస్సా ఆవిణ్ని అడిగిందట, ఇన్ని రోగాలు ఇంత బాగా నటిస్తారు కదా, నిజంగా జబ్బు చేస్తే మాకెలా తెలుస్తుంది అని. దానికి ఆవిడ, "నొప్పి నటించొచ్చు. చెమట నటించలేం. అరచెయ్యి చూడు" అన్నారట. ఆ మాట వాళ్లందరికీ నోటికొచ్చేసింది.

అక్కడివాళ్లు ఆవిడను 'గారు' అని పిలిచేవారు. పేరు చివర ఆ ముక్క తప్పనిసరి అని ఆవిడే నేర్పారు. నాలుక తిరగక వాళ్లు ముందు పేరంతా వదిలేసి ఆ ముక్కనే ఉంచుకున్నారు. ఆవిడ ఫెర్రీ దిగగానే ఒడ్డున నిలబడ్డ ముసలాయన, "గారు వచ్చారు" అని కేకేస్తే ఊరంతా తెలిసిపోయేది. ఏటా ఆఖరి ఫెర్రీలో వెళ్లి, మంచు గట్టిపడేదాకా అక్కడే ఉండేవారు. ఆ నడిమి వారాల్లోనే తన అవసరం ఎక్కువని ఆవిడ లెక్క. బ్యాంకులో చేసి రిటైరైన ఆవిడ భర్త రావు గారు మొదట్లో గొణిగేవారు. తర్వాత తర్వాత ఆయనే స్వయంగా కారు డ్రైవ్ చేసుకుని వెళ్లి రేవులో దింపి వచ్చేవారు. "ఇంట్లో ఉంటే నన్ను పేషెంట్‌ని చేస్తుందండీ, అక్కడుండటమే నయం" అనేవారు మాతో. ఈసారి కూడా అలాగే దింపి వచ్చారు.

ఆ ఉదయం జరిగింది టెస్సా తర్వాత నాకు చెప్పింది. ఆ రోజు పాఠం విరిగిన కాలు గురించి. సుభద్ర గారు బల్ల మీద పడుకుని మూలుగుతున్నారు. వాళ్లు కాలికి బద్దలు కడుతున్నారు. మధ్యలో ఆవిడ కాలు వదిలేసి ఛాతీ పట్టుకున్నారు. "గారు మళ్లీ ప్రశ్న మార్చేశారు" అని ఎవరో నవ్వారు. మిగతావాళ్లూ నవ్వుతూనే బద్దలు పక్కన పెట్టి, గుండె నొప్పి పాఠంలో నేర్చుకున్నట్టు వరసగా మొదలుపెట్టారు. ఒకరు కాలరు వదులు చేశారు. ఒకరు ఆస్పిరిన్ ఇస్తున్నట్టు ఖాళీ చెయ్యి చాపారు. టెస్సా నాడి చూడబోయి, ఆవిడ అరచెయ్యి పట్టుకుంది. చెయ్యి తడిసిపోయి ఉంది, మంచుముక్కలా ఉంది.

"నేను అరిచాను. ఇది నిజం, ఇది నిజం అని. అప్పుడు గారు నా వేలు పట్టుకుని సరైన చోటికి జరిపారు. నాడి దొరికే చోటికి. ఎప్పుడూ నేను తప్పుగా పెట్టేదాన్ని" అంది టెస్సా.

ఆ తర్వాత వాళ్లు చేయవలసినదంతా చేశారు. నిజమైన ఆస్పిరిన్, క్లినిక్ నుంచి పరుగున తెచ్చిన ఆక్సిజన్, అవతలి ఒడ్డున ఉన్న డాక్టరుతో ఫోను. గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే మెషిన్ వాడారు, వంతులవారీగా ఛాతీ మీద నొక్కారు. విమానం బయలుదేరింది, దిగడానికి దారి కనబడక వెనక్కి తిరిగింది. టీ పెట్టమని ఎవరూ అనలేదు కాబట్టి వాళ్లు ఆపలేదు. ఫోనులో డాక్టరు ఇక చాలు ఆపండని గట్టిగా చెప్పేదాకా నొక్కుతూనే ఉన్నారు. పెద్ద ఆసుపత్రిలో కూడా ఇంతకన్నా సక్రమంగా చేసి ఉండరని ఆయనే తర్వాత రావు గారితో అన్నారు. నవ్విన ఆ కాస్త సమయం వల్ల తేడా ఏమీ రాలేదని కూడా చెప్పారు. టెస్సా నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడం లేదు.

పొగమంచు విడిచేదాకా భౌతికకాయం అక్కడే ఉంది. ద్వీపవాసులు వంతులు వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఒంటరిగా ఉంచకూడదని వాళ్ల ఆచారం. ఆ బడి గదిలోనే, ఆ బల్ల మీదే. ఇక్కడ రావు గారు కిటికీ దగ్గర కూర్చుని ఆకాశం వంకే చూస్తూ ఉన్నారు.

సంతాపసభ గ్వెల్ఫ్‌లో జరిగింది. విమానాలు తిరిగాక టెస్సా, మరో అమ్మాయి వచ్చారు. మూడు కాలేజీల పెద్దలూ వచ్చారు, మంచి మాటలు మాట్లాడారు. తర్వాత హాలు బయట కాఫీ కప్పులు పట్టుకుని అసలు మాట చెప్పారు. ఇకపై గడ్డకట్టే కాలంలో అధ్యాపకులెవరినీ ద్వీపానికి పంపరట. రిస్కు ఎక్కువట. మిగిలిన ప్రాక్టికల్ శిక్షణంతా గ్వెల్ఫ్‌లో పెడతారట, విద్యార్థులే రావాలట. నేను వెళతాను, నన్ను పంపండి అన్నాను. నా భావాలను గౌరవిస్తున్నామన్నారు. ఇంగ్లీషులో కాదనడానికి అంత మర్యాదైన మాట ఇంకోటి లేదు.

టెస్సా పక్కనే నిలబడి వింటోంది. "గారు అక్కడ ఉండటం రిస్కు అంటున్నారు. మేం ప్రతి చలికాలం అక్కడే ఉంటాం. అది రిస్కు కాదా?" అని అడిగింది.  ఒకాయన కప్పు పడేయడానికి చెత్తబుట్ట వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆరుగురిలో నలుగురు రాలేమన్నారు. చంటిపిల్లల్ని, మంచాన ఉన్నవాళ్లను ఎక్కడ పెట్టి వస్తారు? వాళ్ల చదువు అక్కడికి ఆగిపోయింది. సుభద్ర గారు పోయినందుకు ఎంత ఏడ్చానో, ఆ మాట విన్నప్పుడు అంతకన్నా ఎక్కువ ఏడ్చాను. ఆవిడ ప్రాణం పెట్టిన పని ఆవిడ ప్రాణం పోయిందన్న సాకుతోనే సగానికి పైగా కూలిపోయింది. నాకు ఓదార్పు మాటలు ఎవరూ చెప్పొద్దు.

మిగిలిన ఇద్దరమ్మాయిలకు రావు గారు తన ఇంట్లో గది ఇచ్చారు. కోర్సు పూర్తిచేసి వాళ్లు ద్వీపానికి తిరిగి వెళతారు. ఆరుగురు చేయవలసిన పని ఇద్దరే చేస్తారు. మొన్న ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లేసరికి, హాలులో సోఫా మీద రావు గారు పడుకుని ఉన్నారు. పరీక్ష దగ్గరికొచ్చింది, ప్రాక్టీసుకి పేషెంటు కావాలని టెస్సా మొహమాటపడుతూ అడిగిందట. "మా ఆవిడ బతికుండగా ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదండీ" అని నాతో అని, కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. "అమ్మా, నడుం... అబ్బా, కాలు పీకేస్తోందర్రా..." అని అచ్చం ఆవిడ లాగే మూలుగుతున్నారు. అమ్మాయిలిద్దరూ ఒక్క మాటా మాట్లాడకుండా మొహం చూశారు, చేతులు వెచ్చబెట్టుకున్నారు, నడుం కింద దిండు పెట్టారు, నాడి చూశారు. అంతా అయింది. ఇక పేషెంటు లేచి కూర్చుని ఆ మాట అనాలి. వాళ్లు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు. రావు గారు లేవలేదు, ఏమీ అనలేదు.

టెస్సా గబుక్కున వంగి ఆయన అరచెయ్యి పట్టుకుంది. పొడిగా ఉంది, వెచ్చగా ఉంది. తడి అంతా మూసిన కళ్లలోనే ఉంది. ఆ పిల్ల ఆయన చెయ్యి నెమ్మదిగా గుండెల మీద పెట్టి, ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టింది.