వినే నాయనా, బాగున్నావా?

మా పక్కింటి కయీవాకు ఒకటే పిచ్చి: ఫోనులో మాట్లాడుతూ, చాటుగా వినే సర్కారువాడిని కూడా పలకరిస్తాడు. మనిషి ఉన్నచోట పలకరించకుండా మాట మొదలుపెట్టడం మాలో పెద్ద తప్పు. కనిపించనంత మాత్రాన మనిషి కాకుండా పోతాడా అంటాడు.

ఫోను మాత్రం నాది. కొనుక్కోవడానికి ఆ మహానుభావుడికి చేతులు రావు.

"చెల్లీ, బాగున్నావా? వినే నాయనా, నువ్వెలా ఉన్నావు? పిల్లలు కులాసాయా?"

"గాలితో మాట్లాడుతున్నావు," అన్నాను.

"గాలికి దగ్గు రాదక్కా."

ఫోను చెవికి ఆనించాను. ఎక్కడో దూరంగా, బావి అడుగునుంచి వచ్చినట్టు పొడిదగ్గు. మగదగ్గు. కయీవా ఫోను లాక్కున్నాడు.

"చేదాకు కాచి పరగడుపునే తాగు నాయనా. మొహం చిట్లించకు."

వారం తిరిగేసరికి దగ్గు ఆగింది. దగ్గే నయం. ఇప్పుడు ఉత్త ఊపిరి.

ఇంతలో నా మనవరాలు నమ్యాలో, పదిహేడేళ్ళ మొండిఘటం, ఎవరో అందించిన సర్కారు రహస్య కాగితాలు ఇంటర్నెట్‌లో పెట్టేసింది. బడిపిల్లల ఫోన్లు కూడా వింటున్నారట! కయీవాను వెక్కిరించిన వీధంతా నోరు మూసుకుంది.

అతను మాత్రం, "అన్ని ఫోన్లా! పాపం, ఆ నాయన తిండెప్పుడు తింటాడు?" అన్నాడు.

కాగితాలు పెట్టిందెవరో ఎవరికీ తెలియదనే అనుకున్నాం.

ఒక వాన మధ్యాహ్నం కయీవా చెల్లెలికి ఫోను చేసి, మామూలుగానే ఇద్దరినీ పలకరించాడు. దగ్గు. మళ్ళీ దగ్గు. ఊపిరాడనంత దగ్గు.

కయీవా మొహం పాలిపోయింది. ఫోను కట్టేసి, "అక్కా, పిల్లను పంపెయ్. ఇప్పుడే," అన్నాడు.

"దగ్గుకే?"

"తగ్గిన దగ్గక్కా అది, కావాలని దగ్గాడు! వాడు కబురెలా పెడతాడు మరి?"

నమ్యాలో నా గోమెసి, మా పెద్దాడవాళ్ళ నిండు గౌను, తొడుక్కుని, అరటిగెల నెత్తిన పెట్టుకుని, నడుము వంచింది.

"అంత వంగకే. నేనేమన్నా ముసలిదాన్నా?"

"లేదు అమ్మమ్మా, ఇంకాస్త వంగుతావు."

పిల్ల సందు తిరిగిందో లేదో, సర్కారు జీపు వచ్చి ఆగింది.

"పిల్ల ఎక్కడ?"

"ముందు బాగున్నారా అనండి," అన్నాడు కయీవా.

ఇల్లంతా తిరగేసి, తిట్టుకుంటూ వెళ్ళారు. మూడోనాడు సంతకొచ్చిన మనిషి చెవిలో చెప్పింది, పిల్ల సరిహద్దు దాటిందని.

ఇప్పుడు ఫోనులో కొత్త ఊపిరి. కాస్త కుర్ర ఊపిరి. కయీవా మళ్ళీ మొదటికొచ్చాడు: "కొత్తగా చేరావా నాయనా? నీ ముందాయన క్షేమమేనా?"

అడగడం కూడా రాదు కయీవాకు. నిన్న నేనే ఫోను లాక్కున్నాను.

"ఏరా, అన్నం తిన్నావా?"

ఎక్కడో దూరంగా, బావి అడుగున, ఎవరో బ్రేవుమని తేన్చారు.